పున్నమి దాటిన బొమ్మ

ఈమధ్య ఒక మహానగరంలో బొమ్మల ప్రదర్శనకు వెళ్లి, గాజు పెట్టెకు వెన్న పూసినందుకు బయటికి గెంటించుకున్నాను. గెంటడమంటే మెడ పట్టి కాదు. కాపలా అబ్బాయి "రండమ్మా, రండి" అంటూ, పెళ్లికొడుకును పీటల మీదికి నడిపించినంత మర్యాదగా చేయి పట్టుకుని వాకిలి దాకా తెచ్చి వదిలాడు. జుట్టు నెరిసిన ఆడదానికి ఈ లోకంలో మిగిలిన సౌకర్యాల్లో ఇదొకటి.

ఆ ప్రదర్శన ఎంత పెద్దదంటే, ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచేసరికి చెప్పులు అరిగి నేనే కాస్త పొట్టిదాన్నయ్యాను. లోపల చలి ఎంతంటే, ఉన్నవాళ్లందరిలో ఎస్కిమో బొమ్మ ఒక్కటే సుఖంగా కనిపించింది. జపాను రాణులు, పింగాణీ మొహాల ఫ్రెంచి దొరసానులు, పూసల గౌనుల ఆఫ్రికా పిల్లలు, తల ఊపే తంజావూరు ముత్తైదువలు అందరూ తమ దేశం, తమ కాలం రాసిన చీటీలు ముందు పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లాగా బిగుసుకుని నిలబడి ఉన్నారు. వాళ్లందర్నీ దాటుకుని చివరికి పోతే, మరుగుదొడ్లకు దారి చూపే బోర్డు కింద, పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలాగా వాడు కనిపించాడు.

బార్లా తెరిచిన నోరు. గురిగింజల కళ్లు. ఆ మొహానికి మోయలేనంత మీసం. ముందర చీటీ: "జోకుమారుడు. కాల్చిన మట్టి."

నేను అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే జోకుమారుడనేవాడు అట్లా నిలబడి ఉండటానికి లేదు. మా ఆదోని వైపు వాడు పుట్టేదే చావడానికి. పున్నమి దాటి బతికిన జోకుమారుణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. వాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

మా ఇల్లు పత్తి మిల్లుల వెనక సందులో ఉండేది. పత్తి రోజులు వస్తే మా సందులో గాలికి బదులు దూదే వీచేది. మజ్జిగలో దూది, పప్పులో దూది, మా తాత జంధ్యానికి దూది. ఆయన ఆంజనేయస్వామి గుళ్లో పూజారి. ఒకసారి ఆయన తుమ్మితే చిన్న దిండుకు సరిపడా వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. నేను చూడలేదు గాని నమ్ముతాను. మిల్లుల నుంచి గింజ నూనె వాసన, పొద్దున వీధి చివర బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన, మధ్యాహ్నం ఎండిన నేల వాసన. ఈ మూడూ కలిపి సీసాకెత్తితే అదే నా బాల్యం. మూత తీస్తే ఇప్పటికీ తుమ్ములొస్తాయి.

ఇంటికి మట్టి మిద్దె. మట్టి మిద్దె ముసలి మామగారి లాంటిది, ఏటా మర్యాద చెయ్యాలి. వానలకు ముందు పొలం గట్ల నుంచి చవుడు మట్టి తెచ్చి పైన పరిచి తొక్కిస్తేనే మిద్దె కురవకుండా ఉంటుంది. ఆ పని మా పెద్దనాయనది. ఆయన బడిలో భూగోళం చెప్పేవాడు. ఋతుపవనాలు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో ఆయనకు తెలిసినంతగా ఋతుపవనాలకు కూడా తెలీదు. నేను చెప్పబోయే ఏడు మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. ఆస్పరి నుంచి, తుగ్గలి నుంచి వచ్చిన రైతులు మా అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని తిడుతుంటే, పెద్దనాయన వాళ్లకు గాలి దిశలు వివరించేవాడు.

"చవుడు పోయించరా" అని మా అవ్వ రోజూ అనేది.

"వాన రాని ఏడు చవుడెందుకమ్మా, దండగ" అని ఆయన రోజూ అనేవాడు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. మా ఇంట్లో మాత్రం ఎవరూ మర్చిపోలేకపోయారు.

పెద్దనాయన భార్య, మా పెద్దమ్మ, ఎమ్మిగనూరు పిల్ల. వాళ్ల నాయన చేనేత బట్టల మూటలు కట్టుకుని, ఎగ్జిబిషన్లున్న ఊరికల్లా తిరిగే ఉద్యోగం చేసేవాడు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా ఎక్కడికి పోయినా తల్లి లేని కూతురికి ఒక బొమ్మ తెచ్చేవాడు. పక్క అంగడివాళ్లు ఏ దేశం వాళ్లయితే ఆ దేశం బొమ్మ. అట్లా పెరిగి పెరిగి, పెళ్లయి వచ్చేనాటికి ఆమె వెంట ఒక ట్రంకు పెట్టె వచ్చింది. దాన్ని దించడానికి వచ్చిన హమాలీలు లోపల మనుషులున్నారేమో అని ఒకసారి తట్టి చూశారట. మా ఇంటికి కోడలు రాలేదు, ఐక్యరాజ్యసమితి వచ్చింది.

దసరాకు ఆ పెట్టె తెరిస్తే కర్పూరం, వేపాకు, పాత లక్క కలిసిన వాసన ఇల్లంతా లేచేది. చన్నపట్నం లక్క గుర్రాలు, కొండపల్లి ఏనుగు, విసనకర్ర పట్టిన జపాను రాణి. ఒకదాని కడుపులో ఒకటి దాక్కునే రష్యా తల్లులు, వాళ్లలో అన్నిటికన్నా లోపలి చిట్టిది మా ఇంటికి రాకముందే ఎక్కడో పోయింది. ఇక అందరికీ మహారాణి, బంగారు జుట్టు దొరసాని. పడుకోబెడితే కళ్లు మూసేది, ముందుకు వంచితే కడుపులోంచి "మా" అనేది. మొదటిసారి విన్నప్పుడు మా అవ్వ ఆ గదిలో పసుపు నీళ్లు చల్లింది.

ఆ ముందటి ఏడు మా పెద్దమ్మకు మగపిల్లాడు పుట్టాడు. పురుడు తీరకముందే, పేరు పెట్టకముందే పోయాడు. అంత చిన్నవాళ్లకు కర్మ లేదు, తిథి లేదు. మా తాత ఒక గుడ్డలో చుట్టి తీసుకుపోయి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. పెద్దమ్మ గొంతు లేవబోతే మా అవ్వ నోటికి చేయి అడ్డం పెట్టింది.

"పేరు పెట్టని బిడ్డకు ఏడవగూడదే. ఏడిస్తే మళ్లీ కడుపు పండదు."

అంతే. పేరు లేదు కాబట్టి ఆ పిల్లాడి గురించి మాట్లాడుకోవడానికి కూడా మాట లేకుండా పోయింది. "వాడు" అంటే ఎవడు? "అప్పుడు" అంటే ఎప్పుడు? పెద్దమ్మ మామూలుగానే రొట్టెలు తట్టేది, మాకు జడలు వేసేది. కాకపోతే జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేది. నేను సగం జడతో బడికి పోయిన రోజులున్నాయి.

ఇక జోకుమారుడి సంగతి. వినాయక చవితి పండగ పోయిన వెంటనే, భాద్రపద అష్టమికి పుడతాడు. బెస్త వాళ్ల ఆడవాళ్లు పచ్చిమట్టితో చేస్తారు. బుట్టలో వేపాకుల మధ్య కూర్చోబెట్టి, నోటికి వెన్న పూసి, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిప్పుతారు. ఇంటివాళ్లు జొన్నలు పోస్తారు. పున్నమికి ఊరి బయట చాకిరేవు బండల దగ్గర రోకళ్లతో కొట్టి చంపేస్తారు.

మా వీధికి బుట్ట తెచ్చే ముసలామెను మేం బుట్టవ్వ అనేవాళ్లం. ఆమె నోట్లో పళ్లకన్నా పాటలు ఎక్కువ. పాపం ఎందుకు చంపుతారని అడిగితే, ఆకు వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి చెప్పింది.

"సూడు పిల్లా, మీ ఇనాయకుడు ఉండాడే, కుడుములు తిని, పాయసం తాగి, పైకి పోయి వాళ్ల నాయనకు ఏం సెప్తాడు? కింద అందరూ బాగుండారు నాయనా, నాకు బొజ్జ పగిల్యాట్టు పెట్టినారు అంటాడు. మా సామి గంజి తాగే ఇండ్లు తిరుగుతాడు. పోయి నిజం సెప్తాడు. ఎండిపోతాండారు, నీళ్లియ్యి అని. అప్పుడు పడ్తాది వాన. పోకుంటే ఎవరు సెప్పాల?"

ఇంతకన్నా న్యాయమైన మాట నేను తర్వాత పెద్ద పెద్ద సభల్లో కూడా వినలేదు. కానీ ఆ ఏడు ఆ మాట అరుగు మీద కూర్చున్న మా పెద్దమ్మ కూడా వింది. బుట్టలో నోరు తెరుచుకుని ఉన్నవాణ్ణి చూస్తూ అడిగింది.

"అష్టమికి పుట్టి పున్నమికేనా అవ్వా?"

"అంతేనమ్మా. ఆయప్పకు రాసింది అంతే."

పున్నమి నాడు మధ్యాహ్నం బుట్టవ్వ తన వాళ్లతో ఆఖరి తిరుగుడుకు వచ్చింది. ఎండ ఎంతంటే కాకులు నడిచి పోతున్నాయి. ఆడవాళ్లు బుట్ట మా అరుగు మీద పెట్టి, పెరట్లో మా అవ్వ దోసిళ్లలోకి పోసే మజ్జిగకు పోయారు. నేను తలుపు వెనక బెల్లం గడ్డతో ఏకాంతంగా ఉన్నాను. అప్పుడు చూశాను. పెద్దమ్మ సామాన్ల గదిలోంచి కొంగు చాటున ఏదో పట్టుకుని వచ్చింది. బుట్టలో వేపాకులు పక్కకు తీసింది. మట్టివాణ్ణి రెండు చేతులతో, తల కింద అరచేయి పెట్టి, పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తింది. వాడున్న చోట దొరసానిని పడుకోబెట్టింది. అది మర్యాదగా కళ్లు మూసుకుంది. మీద వేపాకులు కప్పింది.

తిరిగి చూస్తే నేను. నోట్లో బెల్లం.

పెద్దమ్మ వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వాణ్ణి గుండెకు అదుముకుని, నా మొహంలోకి చూసింది. ఎండిపోయిన బావిలోకి తొంగి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయి కళ్లు. నేను బెల్లం మింగి తల ఊపాను. నా బాల్యంలో నేను నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే. చరిత్రలో రాయదగ్గది.

మర్నాడు పొద్దున్నే బుట్టవ్వ ఒక్కతే వచ్చింది. నెత్తిన బుట్ట. వాకిట్లో దించి, దొరసానిని బయటికి తీసి, కాళ్లు చాపి కూర్చోబెట్టింది.

"అమ్మా, యీయమ్మ ఎవురో సూడండి."

మా అవ్వ నిర్ఘాంతపోయింది. "ఇది మా ఇంటిదే! నీ బుట్టలోకి ఎట్లొచ్చిందే?"

"అదే నేనూ అడుగుదామని వచ్చినా. రేవు కాడ బండ మింద పెట్టినామా, నేను రోకలెత్తి ఆకు తీసినానా, తెల్లగా ఈయమ్మ! నిన్నటిదాంక మీసముండె గదే సామికి, మీసం యాడబోయ, ఈ ఎర్రజుట్టు యాడిది అని వంగి సూస్తే, బుట్ట పక్కకు ఒరిగి 'మా' అన్య! మా కోడలు ఆడనే పడిపాయ. సాకలి నరసక్క రోకలి ఇడిసిపెట్టి పరిగెత్తింది, ఇంగా ఇంటికి రాలేదంట. నేనుగూడ ఉరుకుదును, మోకాళ్లు ఒప్పుకోలే."

మా ఇంట్లో అందరూ నవ్వారు. తాత నవ్వాడు, భూగోళం నవ్వింది. నవ్వనివాళ్లు ఇద్దరే. గడప లోపల పెద్దమ్మ. గడప బయట, నవ్వించినా నవ్వని బుట్టవ్వ. ఆమె చూపు పెద్దమ్మ మొహం మీదే ఉంది. చాలాసేపు చూసి, దొరసానిని గడప మీద పెట్టి లేచింది.

"మా సామి యాడికి పోయినాడో మరి. యాడో సల్లగా ఉంటాడులే. రావాల్సినప్పుడు వస్తాడు." మెట్టు దిగబోతూ ఆగి, ఎవరితోనో అన్నట్టు అంది. "పచ్చిమట్టి అమ్మా అది. పదిలం."

మా అవ్వ ఇదంతా పిల్లల ఆకతాయితనం అని తేల్చి, అందరి తరఫునా నా వీపు మీద నాలుగు వేసింది. నిజం తెలిసిన వీపు అదొక్కటే కాబట్టి న్యాయంగానే దొరికింది.

ఆ తర్వాత మహాలయ పక్షం. పోయినవాళ్లకు నీళ్లు వదిలే రోజులు. మా తాత రోజూ పెరట్లో కూర్చుని తండ్రికి, తాతకు, ముత్తాతకు, ఎవరూ ఎరగని మేనత్త మామగారికి కూడా పేరు, గోత్రం చెప్పి నువ్వులు, నీళ్లు వదిలేవాడు. మా వంశంలో దాహంతో మిగిలిపోయినవాళ్లు ఎవరూ లేరు, పేరు లేనివాడు తప్ప. తాత గొంతు పెరట్లో పలుకుతుంటే, పెద్దమ్మ సామాన్ల గదిలో ట్రంకు పెట్టె ముందు కూర్చునేది. మూత ఓరగా తెరిచి, వేలితో వెన్న తీసి వాడి నోటికి పూసేది. పెదవులు ఆడేవి, మాట వినిపించేది కాదు.

ఆ వెన్న మధ్యాహ్నానికి ఉండేది కాదు. నేనుండగా ఎట్లా ఉంటుంది? జోకుమారుడి నోట్లో వెన్నకు మట్టి వాసన, వేప చేదు, రవ్వంత ఉప్పు. అంత రుచి మళ్లీ తగల్లేదు. ఒకరోజు దొరికిపోయాను. నాలుక బయటికి ఉండగానే పెద్దమ్మ వచ్చింది. కొడుతుందనుకున్నా. నా మూతి కొంగుతో తుడిచింది.

"తినేది నువ్వేనని తెలుసు లేవే. నోరు ఖాళీ అయితాంది గదా, నాకంతే చాలు."

ఊళ్లో మాత్రం గొడవ ముదిరింది. జోకుమారుడు చావలేదు, అందుకే వాన లేదు అని బజారంతా అదే మాట. పల్లెల్లో ఏదో తుంపరకు వేసిన వేరుశనగ చేలు పీకి చూస్తే ఊడల చివర కాయ బదులు ధూళి. బెస్త వాళ్లు, చాకలి వాళ్లు తప్పు ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నారు. మా అరుగు మీద ఒక రైతు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుని, పెద్దనాయన గాలి దిశలు మొదలుపెట్టగానే "వద్దులే సామీ" అని లేచిపోయాడు. గడప అవతల పెద్దమ్మ అది చూసింది. ఆ రోజు నా తలకు జడ అసలే పడలేదు.

దసరా పాడ్యమికి కొలువు పెట్టారు. పెద్దమ్మ ఒక్కతే గది తలుపు వేసుకుని మెట్లన్నీ సర్దింది. అవ్వ హారతి పళ్లెంతో వచ్చి చూసేసరికి, అడుగు మెట్టు మీద, లక్క గుర్రాలకూ జపాను రాణికీ మధ్య, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన ఎర్రంచు గుడ్డపేలిక పంచెగా కట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

అవ్వ హారతి పళ్లెం కింద పెట్టేసింది. పేరంటాళ్లు అప్పటికే వాకిట్లోకి వస్తున్నారు. పక్కింటి కోమట్లామె గుగ్గిళ్లు నములుతూ వంగి చూసి, "ఇది ఏ దేశం బొమ్మమ్మా, ఇంత ముద్దుగా ఉండాది?" అంది. నేను వెంటనే "ఆఫ్రికా" అన్నాను. "అదీ అనుకున్నా, ఆ నోరు చూస్తేనే తెలుస్తాంది" అని ఆమె ఇంకాస్త గుగ్గిళ్లు పెట్టించుకుంది.

అందరూ పోయాక అవ్వ తలుపు మూసింది.

"ఏమే, నీకు మతి ఉందా? చావాల్సినవాణ్ణి తెచ్చి ఇంట్లో కూర్చోబెడతావా?"

"చావలేదు గదత్తా."

"చావలేదనే గదే ఊరు మాడిపోతాంది! ఇయ్యి ఇట్ల. బుట్టవ్వకు పంపిస్తా."

పెద్దమ్మ కదల్లేదు. తల వంచుకుని, చాలా మెల్లిగా అంది. "మెట్టెక్కిన బొమ్మను దశమి దాకా కదపగూడదని మీరే చెప్తిరి గదత్తా. కదిపితే ఇంటికి అరిష్టమని."

మా అవ్వ ఆచారాలు ఒకటా రెండా, ఆమె తుమ్మడానికి కూడా వారం వర్జ్యం చూసేది. తన ఆచారం తన కాలికే అడ్డం పడటం ఆమెకు అదే మొదలు. మెట్ల వంక చూసింది, కోడలి వంక చూసింది. కోడలి చేయి ఆ పంచె అంచును వదల్లేదు.

"దశమికి ఇచ్చేస్తావా?"

"ఇస్తా."

"నా మీద ఒట్టు పెట్టు."

పెద్దమ్మ ఒట్టు పెట్టింది. బుట్టవ్వకు కబురు పోయింది. ఆమె వాకిట్లోంచే తొంగి చూసి, "మా సామి కొలువులో గూడ కూసున్న్యాడా! పంచె గూడ కట్న్యాడే! మా ఇండ్లల్లో మొలతాడుకే గతి లేదు" అని బుగ్గలు నొక్కుకుంది. పోతూ పోతూ పెద్దమ్మతో, "ఉండనీ తల్లీ, దశమికే వస్తాలే" అంది.

ఆ పండగ రోజుల్లో పెద్దమ్మ మొహం చూడాలి. పొద్దున దీపం పెట్టి వాడికి వెన్న, మధ్యాహ్నం బెల్లం ఓళిగ ముక్క, సాయంత్రం మాకందరికీ పాటలు. నా జడ చివరిదాకా అల్లి రిబ్బను కట్టేది. దశమి దగ్గరయ్యే కొద్దీ పాట గట్టిగా పాడేది.

నవమి నాడు మధ్యాహ్నం, ఆయుధ పూజకు మిల్లు సైరన్లన్నీ ఒక్కసారి కూసి ఆగాక, ఆ నిశ్శబ్దంలో ఆదోని కొండ వెనక ఏదో కదిలింది. నల్లటి గొర్రెల మందలాగా మబ్బు కొండ దిగింది. పెద్దనాయన బయటికి వచ్చి, అది అటు నుంచి రావడానికి వీల్లేదని అంటుండగానే ఆయన నోట్లో మొదటి చినుకు పడింది.

ఎంత వానంటే, చినుకుకూ చినుకుకూ మధ్య గాలి దూరడానికి చోటు లేదు. సందులో కోళ్లు ఈదాయి. మిల్లు దూది మూటలు బరువెక్కి కూర్చున్నాయి. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడింది. జోకుమారుడు ఒక్కడేమిటి, ఆ రోజు అందరివీ అవే నోళ్లు. పెద్దమ్మ పరిగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చింది. కొప్పు ఊడిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది.

"చూసినారా అత్తా! వాడు చావకుండానే వచ్చింది వాన! చావాల్సిన పని లేదత్తా, అసలు చావాల్సిన పనే లేదు!"

ఆమె నవ్వడం చూసి మేమంతా నవ్వాం. వసారాలో నిలబడ్డ అవ్వ చీర అంచు తడుస్తున్నా వెనక్కి జరగలేదు. మడి మనిషి, వాన నీళ్లు మొహం మీదికి రానిచ్చింది.

"సరే పోవే" అంది. "ఉంచుకో నీ కొడుకును."

కొడుకు అన్న మాట మా ఇంట్లో మళ్లీ అప్పుడే వినడం. పెద్దమ్మ తిరగడం ఆపింది. తడిసిన చేతులు జోడించి అత్త కాళ్లకు వంగబోయింది. అప్పుడు లోపల్నుంచి వినిపించింది. ధార చప్పుడు. రాగి బిందెలో నీళ్లు వంపినట్టు.

చవుడు పోయని మిద్దె.

మేం పోయేసరికి నీళ్లు కొలువు నడినెత్తిన పడుతున్నాయి. పై మెట్టు మీద పడి, మెట్టు మెట్టూ దిగి, అడుగు మెట్టుకు చేరుతున్నాయి. కొండపల్లి ఏనుగు తడిసింది. జపాను రాణి విసనకర్ర తడిసింది. దొరసాని వెల్లకిలా పడి కళ్లు మూసుకుంది. రష్యా తల్లులు దొర్లారు. వాళ్లంతా చెక్కినవాళ్లు, పోత పోసినవాళ్లు, రంగు పట్టినవాళ్లు. తుడిస్తే మళ్లీ నిలబడేవాళ్లు.

వాడొక్కడే పచ్చిమట్టి.

ఎర్రంచు గుడ్డలో ముద్ద. ముద్ద మీద రెండు గురిగింజలు. నోరున్న చోట నీళ్లకు లొంగని వెన్న, తెల్లగా, తేలుతూ.

పెద్దనాయన గోడకు చేరగిలబడ్డాడు. "రాదనుకుంటినమ్మా" అన్నాడు. "ఈ ఏడు వాన రాదనుకుంటిని." మా జిల్లాలో వానకు మించిన పండగ లేదు. ఆ పండగ రోజు మా ఇంట్లో ఆ మనిషి పిల్లాడిలాగా తల బాదుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు. కింద కూర్చుని, ఆ గుడ్డ నాలుగు అంచులూ మెల్లిగా దగ్గరికి తీసి, ముద్దను ఒళ్లో పెట్టుకుంది. అట్లాగే ఉండిపోయింది. వీధిలో ఊరు ఈలలు వేస్తోంది.

దశమి పొద్దున ఇచ్చిన మాట ప్రకారం బుట్టవ్వ వచ్చింది. వాకిట్లో నిలబడి చూసి, నెత్తి మీది బుట్ట దించేసింది. ఎప్పుడూ ఆమెను గడప దాటనివ్వని మా అవ్వ, "లోపలికి రా" అంది. బుట్టవ్వ వచ్చి పెద్దమ్మ ఎదురుగా చతికిలబడింది.

"పోయినాడా?"

పెద్దమ్మ తల ఊపింది.

"మరి ఏడ్సినారా?"

పెద్దమ్మ ఒళ్లోని గుడ్డ అంచు సర్దింది.

"మేం ఆయప్పను సంపేదీ మేమే, ఏడ్సేదీ మేమే తల్లీ. రోకలి పక్కన పెట్టి, ఊరు వినేట్టు ఏడుస్తాం. ఏడవకుంటే ఎట్లా పోతాడు? వాకిట్లోనే నిలబడి సూస్తాంటాడు, నాకోసం ఎవురూ ఏడ్వలేదే అని. ఏడువు. ఏడిస్తేనే దోవ."

పెద్దమ్మ తలెత్తి అత్త వంక చూసింది. ఏడాది కిందట నోటికి అడ్డం పెట్టిన ఆ చేయి వంక చూసింది. మా అవ్వ ఆ చేతిని కొంగులో దాచుకుంది.

"ఏడువమ్మా" అంది.

ఆ ఏడుపు గురించి నేను పెంచి చెప్పలేను. అన్నీ పెంచి చెప్పడం నా వృత్తి. ఇది మాత్రం నేను పెంచడానికి చోటు లేనంత ఉంది. బుట్టవ్వ ఆమె తల తన ఒళ్లోకి తీసుకుని, పళ్లు లేని నోటితో తమ ఏడుపు పాట ఎత్తుకుంది. పక్కింటివాళ్లు వచ్చారు. ఏమైందని అడిగితే, "మా పిల్లాడు పోయినాడు" అంది మా అవ్వ. ఎప్పుడు పోయినాడని ఎవరూ అడగలేదు. వాళ్లూ కూర్చున్నారు.

కాస్త తెరిపిచ్చాక బుట్టవ్వ అంది. "ఇప్పుడే గదా పోయింది, ఇంగా దూరం పోయిండడు. పైన నీ బిడ్డ ఉండాడు. ఏమన్నా సెప్పాల్నంటే సెప్పు, మా సామి సెప్తాడు. నిజాలు సెప్పేదే ఆయప్ప పని."

పెద్దమ్మ ఆ మట్టిముద్ద మీదికి వంగింది. చెవి ఎక్కడుందో తెలిసినట్టే ఒక పక్కకు పెదవులు ఆనించి, ఒకే ఒక్క మాట చెప్పింది. ఆ పెదవుల కదలిక నేను ట్రంకు పెట్టె ముందు రోజూ చూసిందే. పేరు అది. ఆ పిల్లాడి పేరు. ఏమిటో మాకెవరికీ వినపడలేదు, ఆమె ఎప్పటికీ చెప్పలేదు.

ఆ ఏడు మిగిలిన వేరుశనగ పండింది. మిద్దెకు చవుడు పడింది, ఆ తర్వాత పెద్దనాయన ఎండ కాసినా పోయించేవాడు. కొలువు మాత్రం మళ్లీ మెట్టెక్కలేదు. బొమ్మలు ఒక్కొక్కటీ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లకు తరలిపోయాయి. దొరసాని నా వాటాకు వచ్చి, నా పిల్లల చేతుల్లో జుట్టు, కళ్లు, "మా" అనే మాట వరసగా పోగొట్టుకుంది. పెద్దమ్మకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఏడ్చినందుకని అవ్వ ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు ఆ మిద్దె లేదు, మిల్లుల్లో దూది లేదు, ఆ మనుషుల్లో ఎవరూ లేరు. మహాలయ పక్షంలో మా ఇంట్లో నీళ్లు వదిలేటప్పుడు పెద్దమ్మ పేరు వస్తుంది. ఆ పక్కన ఇంకో పేరుకు ఖాళీ ఉంటుంది. నేను వంటింట్లోంచి ఆ ఖాళీ వింటాను.

అందుకని, ఆ గాజు పెట్టె ముందు నిలబడ్డప్పుడు, వాడి నోరు ఎండిపోయి ఉంటే చూడలేకపోయాను. క్యాంటీనుకు పోయి రొట్టె, వెన్న అడిగి, రొట్టె అక్కడే వదిలేసి వచ్చాను. నోరు ఎదురుగా ఉన్న చోట, అద్దం మీద, వేలితో.

"ఎందుకమ్మా అట్లా పూశారు?" అని వాకిట్లో అడిగాడు కాపలా అబ్బాయి.

"ఆకలైంటాది నాయనా."

"మట్టి బొమ్మమ్మా అది" అన్నాడు, నవ్వాపుకుంటూ.

నిజమే. కాల్చిన మట్టి. కరగడు, చావడు, పైకి పోయి ఎవరి మాటా చెప్పడు. మా ఇంటి వాణ్ణి కూడా ఆవంలో ఒక పూట పెట్టి ఉంటే నిలిచేవాడే. కుమ్మరి వీధి మా సందు వెనకే. ఆ సంగతి నాకే తట్టింది ఒకసారి. ట్రంకు పెట్టె ముందు కూర్చుని, మూతి మీది వెన్న తుడుచుకుంటూ, "వీణ్ణి కాలిస్తే గట్టిపడతాడు పెద్దమ్మా, ఎప్పటికీ ఉంటాడు" అని చెప్పాను కూడా.

పెద్దమ్మ ఉలిక్కిపడి వాణ్ణి కొంగులోకి లాక్కుంది.

"బిడ్డను నిప్పుల్లో పెడతారటే, పిచ్చిదానా?"